గుమ్మానికెదురుగా ఓక్ చెట్టు

డెట్రాయిట్ శివారులో మేం ఇల్లు కొన్నది డెబ్బైల చివర్లో. ముందు గుమ్మానికి సరిగ్గా ఎదురుగా పెద్ద ఓక్ చెట్టు ఉండేది. దాన్ని చూసే ఆ ఇల్లు కొన్నాను.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో మన తెలుగు గుండె డాక్టరు ఒకాయన ఉన్నాడు. వారమంతా గుండెలు కోసి, శని ఆదివారాలు అందరి ఇళ్లకీ వాస్తు చూసేవాడు. పరమాన్నం గిన్నెతో గుమ్మంలో నిలబడి, "ఎదురుగా చెట్టేంటయ్యా? సంతానానికి మంచిది కాదు. కొట్టించెయ్" అన్నాడు. నేను నవ్వేశాను. నా భార్య నవ్వలేదు.

రెండేళ్లలో ఆమెకు రెండుసార్లు గర్భం పోయింది. రెండోసారి ఆస్పత్రి నుంచి తీసుకొచ్చినప్పుడు కారు దిగి, ముందు గుమ్మం వైపు ఒకసారి చూసి, గరాజ్‌లోంచి ఇంట్లోకి వెళ్లింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ చెట్టు ఉండగా బిడ్డ మాట ఎత్తొద్దంది. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. కానీ చెట్టు పోతే ఆమె భయం పోతుందని మాత్రం తెలుసు.

మా ఊళ్లో అప్పటికే చెట్లకి చట్టం వచ్చింది. అంత లావు చెట్టు మన స్థలంలో ఉన్నా సిటీ పర్మిషన్ లేకుండా కొట్టకూడదు. దరఖాస్తులో కారణం రాయాలి. కార్ల కంపెనీలో ఇంజనీరుని, వాస్తు అని ఎలా రాస్తాను? వేళ్లు పునాదిలోకి వస్తున్నాయని రాశాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మాను చుట్టూ టేపు పెట్టి కొలిచాడు. బెరడు తట్టి చూశాడు. బేస్‌మెంట్ గోడలన్నీ టార్చి వేసి వెతికాడు. ఒక్క బీట లేదు. మర్యాదస్తుడే పాపం. వెళ్లబోతూ, ఇంకేదైనా కారణం ఉందా, సొంత విషయమైనా సరే, పర్మిషన్లిచ్చే బోర్డుకి చెబుతానన్నాడు. నా భార్య పక్కనే నిలబడి నా మొహంలోకి చూసింది. లేదన్నాను.

అతని కారు కదిలాక, "చెప్తే ఏం పోయేదండీ?" అంది.

"నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నేను ఏడుస్తుంటే మీకు ఫర్వాలేదు గానీ, వాళ్లు నవ్వితే మీకు సిగ్గా?"

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. చెట్టు ఆరోగ్యంగా ఉంది, కొట్టడానికి వీల్లేదు. ఆమె చదివి, "చెట్టు హెల్త్ గురించి ఎంత కేర్ తీసుకున్నారో!" అని కాగితం బల్ల మీద పెట్టేసింది. మళ్లీ అప్లై చేద్దామన్నాను. వద్దంది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా బిడ్డ మాటే రాలేదు.

ఎనభైల చివర్లో రోడ్డు వెడల్పు చేస్తామని అదే సిటీవాళ్లు వచ్చారు. టేపు లేదు, టార్చి లేదు, కారణం చెప్పమని వాళ్లనడిగే నాథుడూ లేడు. నేను కాఫీ తాగి వచ్చేలోగా చెట్టు నేల మీద ఉంది. కడుపు మండిపోయింది. వాళ్ల మీదా, వాళ్లకంటే ఎక్కువ నా మీదా.

అప్పుడే నా భార్య గ్రోసరీస్ తీసుకుని వచ్చింది. ఆ ఏడు ఆమెకు నలభై రెండు నిండాయి. నేను ముందు తలుపు బార్లా తెరిచి, "చూడు, పోయింది. ఇటు రా" అన్నాను.

మొద్దు వైపు కాసేపు చూసింది.

"ఇప్పుడెందుకండీ" అని, సంచులు తీసుకుని గరాజ్‌లోంచే వెళ్లింది.