మీ బీపీ బిళ్ళలో ఎన్ని మందులండీ?

మా మావయ్య కొత్తవాళ్ళను ఊరూ పేరూ అడగడు. వాళ్ళు వాడే బీపీ బిళ్ళ గురించి అడుగుతాడు. లిఫ్టులో, బ్యాంకు క్యూలో, మంగలి కుర్చీలో మెడకు గుడ్డ చుట్టించుకుని కూడా, "మీ బిళ్ళలో రెండు మందులా, మూడా?" అంటాడు. బీపీ లేదన్నవాళ్ళతో ఆయనకు మాటలు సాగవు.

ఒకసారి అద్దె ఇల్లు చూసొస్తానని వెళ్ళి, ఇంటివాళ్ళది మూడు మందుల బిళ్ళని తెలిసి అక్కడే చతికిలబడ్డాడు. "నాళాలు వదులు చేసేదొకటి, ఒంట్లో నీరు లాగేదొకటి. మరి మూడోది దేనికండీ?" సాయంత్రానికి ఇంటికొచ్చి ఆ సంగతంతా అత్తయ్యకు అప్పజెప్పాడు. ఇంట్లో ఎన్ని గదులో మాత్రం కనుక్కోలేదు.

"ప్రాణమంటే ఇంత తీపేమిటి మావయ్యా?" అంటే, "ఉండదేమిట్రా" అనేవాడు. పొద్దున్నే అత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ బిళ్ళ ఆవిడ మింగుతుంటే తన బిళ్ళ తనూ మింగేవాడు. అత్తయ్య వాళ్ళక్క "బాగానే ఉన్నాగా" అని మందులు ఆపేసి పక్షవాతంతో మంచం పట్టింది. అది కళ్ళారా చూసినా, అత్తయ్యకు రోగం కన్నా బిళ్ళంటేనే భయం.

ఈ మధ్య ఆవిడ పాదాలు పొంగాయి. "ఈ మందు నాకు పడదు" అని మానేసింది. తల దిమ్మెక్కి గోడ పట్టుకు నడవసాగింది. ఇద్దర్నీ క్లినిక్కుకు లాక్కెళ్ళాను. అక్కడ గోడ మీద బొమ్మలో ఆరోగ్యవంతుల కుటుంబమొకటి పళ్ళికిలిస్తోంది. చూస్తే ఒళ్ళు మండింది. మావయ్య అప్పటికే పక్కనున్న బస్సు డ్రైవరును పట్టుకున్నాడు.

"మీది?"

"రెండు మందులది. మొదట ఇచ్చిందాంతో ఒకటే పొడిదగ్గు."

"మానేశారా?" అన్నాడు మావయ్య, అత్తయ్యకు వినబడేలా.

"మానేస్తే స్టీరింగు ముందు పడిపోనూ? డాక్టరుకు చెప్తే మార్చారు."

అత్తయ్య వినలేదన్నట్టు గోడకేసి చూసింది.

లోపల డాక్టరమ్మ అత్తయ్య బీపీ చూసి, మళ్ళీ చూసింది. అత్తయ్య పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది. వాపూ, మందు మానెయ్యడమూ మావయ్యే చెప్పేశాడు. డాక్టరమ్మ పాదాలు నొక్కి చూసి, "ఇది చెప్తే మార్చేదాన్నిగా. మానేస్తే ఎలాగమ్మా?" అని వేరే కాంబినేషన్ రాసింది. "పెద్దాయనా, మీ చెయ్యీ ఇటివ్వండి."

"నాకెందుకండీ," అని మావయ్య లేవబోయాడు. కూర్చోబెట్టి పట్టీ చుట్టారు.

"బ్రహ్మాండంగా ఉంది. ఏం వాడుతున్నారు?"

మావయ్య చెప్పులకేసి చూశాడు. "విటమిన్ బిళ్ళండీ."

"ఎప్పట్నుంచీ?" అంది అత్తయ్య.

"నీకు మందు మొదలైనప్పట్నుంచీ. ఒక్కదాన్నే మింగనన్నావుగా."

లోకంలోని బిళ్ళల కబుర్లన్నీ ఆయన ఇంటికి ఎవరికోసం మోసుకొచ్చేవాడో నాకప్పటికి తలకెక్కింది.

గేటు దాకా అత్తయ్య ముందు నడిచింది. అక్కడ ఆగింది.

"ఇద్దరికీ ఉందనేగా ఇన్నేళ్ళూ కూరల్లో ఉప్పు తగ్గించాను. ఏ రోగమూ లేకుండా ఆ చప్పిడి కూడు ఎలా తిన్నారండీ?"

"ఉప్పు తగ్గించావా?" అన్నాడు మావయ్య. "నీ వంటే అంతనుకున్నాను."

అత్తయ్య మందుల కవరుతో ఆయన భుజం మీద ఒక్కటేసింది. వేసి, కొత్త బిళ్ళలు చిట్లలేదు కదా అని కవరు విప్పి చూసుకుంది.