రెండు సీట్ల బేరం

ఆ రోజుల్లో మనిషికి తోడు ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు లేరు గానీ, ఏం కొనాలో చెప్పే బోర్డులు మాత్రం ఉప్పల్ రోడ్డు పొడుగునా ఉండేవి. మెట్రో కొత్తగా తిరుగుతున్న కాలం. నాకు అప్పుడే పాతికేళ్లు దాటాయి. తొమ్మిదో తరగతిలో నాకు బడి మీద, బడికి నా మీద ఒకేసారి విసుగు పుట్టి ఇద్దరం గొడవ పడకుండా విడిపోయాం. ఆ తరువాత నాచారం పారిశ్రామికవాడలో మేకులు కొట్టడం నేర్చుకుని, కొన్నేళ్లకు సొంతంగా ఒక షెడ్డు పెట్టుకున్నాను. ఫ్యాక్టరీలవాళ్లు సరుకు పంపుకునే చెక్కపెట్టెలు చేసేవాణ్ణి. (నా పెట్టెలు ఓడలెక్కి దేశాలు తిరిగాయి. నేను మాత్రం వాటికి మేకులు కొడుతూ నాచారంలోనే ఉన్నాను.) సాయంత్రమయ్యేసరికి పనివాళ్లంతా మల్కాజిగిరి వైపు కొందరు, మేడిపల్లి వైపు కొందరు వెళ్లిపోతే, షెడ్డు మీద గదిలో నేనూ రంపపు పొట్టు వాసనా మిగిలేవాళ్లం. మూల మీద కర్రీ పాయింట్ ఆంటీ రోజూ "ఒక్కరికేనా?" అని అడిగేది. "ఒక్కరికే ఆంటీ, కాకపోతే ఇద్దరి ఆకలి" అని జోకేసేవాణ్ణి. ఆవిడ హాయిగా నవ్వేది. కూర మాత్రం ఒక్కరికే కట్టేది.

చేతిలో నాలుగు డబ్బులు చేరగానే కనపడ్డవాడల్లా మేడిపల్లిలో ప్లాటు కొనుక్కోమన్నాడు. ప్లాటు కొని ఏం చేయను? నాలుగు రాళ్ల మధ్య ఒక్కణ్ణే నిలబడి ఇది నాదే, ఇది నాదే అని ఎవరితో చెప్పుకోను? నా కన్ను వేరే చోట పడింది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పాత కార్లు అమ్మే షోరూములో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. నేలకు ఆనించి గీసినట్టు పొట్టిగా, నిగనిగలాడుతూ, ఉన్నవి రెండే సీట్లు. నా లెక్క చాలా సూటిగా ఉండేది. నాలుగు సీట్ల కారు కొంటే మూడు ఖాళీగా ఉంటాయి. రెండు సీట్లదైతే ఒక్కటే ఖాళీ. ఇంత పెద్ద నగరంలో ఆ ఒక్క సీటులో కూర్చోవడానికి ఎవరో ఒకరు దొరక్కపోతారా? (తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు నా గురించి చెప్పిందంతా నిజమేనని ఇప్పుడు అనిపిస్తుంది.)

ఆ షోరూము యజమానికి నేను పెట్టుకున్న పేరు ఏసీ సేఠ్. ఆయన అద్దాల గది దాటి ఎండలోకి రావడం ఎవరూ చూడలేదు. బయట తిరిగేది టై బాబు. గోదావరి వైపు నుంచి వచ్చిన కుర్రాడు, నా ఈడే. ఎండాకాలంలో కూడా టై విప్పేవాడు కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు అతను చెప్పిన ధరకు నా దగ్గరున్నది కాస్త తక్కువైంది. ఫరవాలేదని రెండు పెద్ద ఆర్డర్లు పట్టి, ఓవర్‌టైము చేసి, ఆ తేడా కూడబెట్టుకుని వెళ్తే ధర పెరిగింది. "డాలరు పెరిగిందండీ" అన్నాడు. మళ్లీ కూడబెట్టి వెళ్లాను, మళ్లీ పెరిగింది. "ఈ మోడలు కంపెనీవాళ్లు ఆపేశారండీ, ఇక దొరకదు." ఇంకోసారి వెళ్తే, "కంపెనీవాళ్లు కొత్త మోడలు తెస్తున్నారండీ, దాంతో పాతదానికి గిరాకీ పెరిగిపోయింది." ఆపినా పెరిగేది, తెచ్చినా పెరిగేది. మా ఊళ్లో ఎద్దు ముసలిదైతే ధర తగ్గుతుంది. ఇక్కడ కారు ముసలిదవుతున్నకొద్దీ పెళ్లికూతురవుతోంది. "చాలామంది అడుగుతున్నారా?" అని భయంభయంగా అడిగేవాణ్ణి. "డిమాండు మామూలుగా లేదండీ" అనేవాడు టై బాబు.

అయినా మానకుండా వెళ్లడానికి కారణం కారొక్కటే కాదు. వెళ్లిన ప్రతిసారీ "రండి సార్, ఒక రౌండు వేసొద్దాం" అని టై బాబు తాళం తెచ్చేవాడు. నేను నడిపేవాణ్ణి, అతను పక్కన కూర్చునేవాడు. ఉప్పల్ నుంచి నాచారం దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లం. కూర్చోగానే "తిన్నారా సార్?" అని అడిగేవాడు. నేను తిన్నానో లేదో తెలుసుకోవాలనుకునే మనిషి హైదరాబాదు మొత్తం మీద అతనొక్కడే. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, చెల్లెలి చదువు గురించి, హాస్టల్లో నీళ్ల సాంబారు గురించి చెప్పేవాడు. నేను నాచారం మొత్తానికి వేసే జోకులన్నీ అతని ఒక్కడి మీదే ఖర్చు చేసేవాణ్ణి. తిరిగొచ్చి కారు దిగుతుంటే సినిమా హాల్లో లైట్లు వెలిగించినట్టు ఉండేది.

చివరికి ధర నన్ను దాటి, నా షెడ్డును కూడా దాటేలా ఉందనిపించాక మామకు ఫోన్ చేశాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోతే పెంచింది ఆయనే. కీసర అవతల ఊళ్లో ఉంటాడు. పశువుల అంగడిలో దళారీ. ఎద్దు నడక చూసి దాని యజమాని అబద్ధం ఎంత పొడుగో చెప్పగలడు. "బండ్ల సంగతి నాకేమెరుకరా?" అన్నాడు. "అమ్మెటోళ్ల సంగతి నీకెరుకనే గద మామా" అన్నాను. ఆ మాట పనిచేసింది.

ఆదివారం పొద్దున మామ తెల్ల ధోవతి, భుజాన తువ్వాలతో ఉప్పల్లో బస్సు దిగాడు. షోరూములోకి రాగానే కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనక భాగం మీద చేత్తో చరిచి, "గీ ఎర్రదేనా? ఎన్ని పండ్లు వెట్టింది?" అన్నాడు.

"పళ్లేంటండీ?" అన్నాడు టై బాబు.

"ఎన్నేండ్లదని అడుగుతున్నడు" అన్నాను.

"కొంచెం వయసుందండీ, కానీ చూస్తే అస్సలు తెలీదండీ."

"గా ముచ్చట అది చెప్పాలె, నువ్వు గాదు. ఏదీ, నోరు తెరువుమను."

టై బాబు ముందు మూత ఎత్తాడు. లోపల ఉత్త ఖాళీ. మామ ముఖం చూడాలి. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "అల్లుడా, దీని కడుపుల ఏం లేదురా! వీళ్లు నిన్ను నిండా ముంచుతున్నరు."

"ఇంజను వెనకాల ఉంటుందండీ, స్పోర్ట్స్ కారు కదా."

"ఎనుకనా? మరి ముంగట?"

"ఏదైనా చిన్న బ్యాగు పెట్టుకోవచ్చండీ."

"గిన్ని పైసలు వోసి సంచి వెట్టుకునే జాగ కొంటవారా?" అని నన్ను ఒక చూపు చూసి, వంగి కారు కింద చూశాడు. అక్కడ ఒక పిల్లి తన పిల్లలతో కాపురం పెట్టి ఉంది. మామ లేచి, తువ్వాల దులుపుకుని, "సేఠు యాడున్నడు?" అన్నాడు.

(ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అంగడిలో పశువు బేరం నోటితో చేయరు. చుట్టూ చేరినవాళ్లకు ధర తెలియకూడదని, అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుతారు. వేలికింత అని లెక్క. నోటితో మాత్రం వానల గురించో పెళ్లిళ్ల గురించో మాట్లాడుకుంటారు. ఇష్టమైతే తల ఊపుతారు. ఊపితే బేరం కుదిరినట్టే.)

మామ అద్దాల గదిలోకి వెళ్లి, సేఠ్ ఎదురుగా కూర్చుని, "చెయ్యి ఇయ్యి సేఠు" అన్నాడు. పెద్దాయన ఆశీర్వదిస్తాడేమో అనుకుని సేఠ్ భక్తిగా చెయ్యి చాపాడు. మామ దాని మీద తువ్వాల కప్పాడు. నాకు విషయం అర్థమయ్యేసరికే ఆలస్యమైపోయింది.

"ఈపారి వానలు మంచిగ వడ్డయ్ గదా?" అంటూ మామ వేళ్లు నొక్కాడు.

"హా కాకా, మస్తు పడ్డయ్" అని సేఠ్ తల ఊపాడు.

మామ కనుబొమ్మలు ఎగిరాయి. ఇంత తేలికగా ఒప్పుకున్నాడంటే ఇంకా తగ్గించవచ్చన్నమాట. ఒక వేలు వదిలేశాడు. "చెర్లు గిట్ట నిండినయా?"

"ఫుల్ నిండినయ్ కాకా." మళ్లీ తల ఊపాడు.

ఇంకో వేలు వదిలేశాడు. "పంటలకు ఫికర్ లేదంటవ్?"

"ఏం ఫికర్ లేదు కాకా" అని సేఠ్ ఉత్సాహంగా, మెడ నొప్పి పుట్టేటట్టు ఊపాడు. మామ తువ్వాల లాగేసి లేచి నిలబడి, "బేరమైంది!" అని కారు ధరలో సగానికి సగం తక్కువ చెప్పాడు.

సేఠ్ కుర్చీలోంచి లేచి, నాకు తెలిసి మొదటిసారి, ఏసీ గది బయటికి వచ్చాడు. "అరె కాకా! నేను వానకు తల ఊపిన!"

"నోరు వానకే సేఠు. తల బేరానికి."

"ఏం బేరం? నువ్వు నా చెయ్యి పిసికినవ్, గంతే!"

ఈలోగా కార్లు కడిగేవాళ్లూ మెకానిక్కులూ గుమిగూడారు. అందరూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, అంగడి తెలిసినవాళ్లే. ఒకతను గొట్టం చేత్తో పట్టుకునే, "సేఠ్, చేతుల చెయ్యి వెట్టి తల ఊపినంక ఎన్కకు రావద్దు" అన్నాడు. ఇంకొకతను, "మా తాతైతే గట్ల తల ఊపి ఆవునే ఇచ్చేసిండు" అన్నాడు. వాళ్లకు జీతమిచ్చేది తానేనన్న సంగతి సేఠ్ గుర్తు చేయబోయాడు గానీ, ఆ క్షణంలో ఎవరూ దాన్ని గుర్తు తెచ్చుకోదలచుకోలేదు.

మామ గొంతు తగ్గించాడు. "సరే, ఇడిసిపెట్టు. ఒక్క మాట చెప్పు. మా అల్లుడు దప్ప దీన్ని ఇంకెవ్వడన్నా అడిగిండా?"

సేఠ్ టై బాబు వైపు చూశాడు. టై బాబు కారు కింద పిల్లి వైపు చూశాడు.

"చెప్పు బిడ్డా, అమ్మ మీద ఒట్టేం అడుగుతలేను."

"లేదండీ" అన్నాడు టై బాబు, చాలా చిన్నగా. "ఈ సారొక్కరేనండీ. బ్యాటరీ పడిపోకుండా అప్పుడప్పుడూ తిప్పాలి కదా, సార్ వస్తే ఆ పని కూడా అయిపోతుందని..."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికన్నా గట్టిగానే. డాలరూ కాదు, కంపెనీ కాదు. ఆ కారు కోసం ఎగబడుతున్న జనమంతా నేనే. వేలంపాటలో నా మీద నేనే పాడుకుంటూ పోయాను. నగరంలో నాతో పోటీకి కూడా ఇంకో మనిషి లేడు.

సేఠ్ చల్లబడి, మొదటి రోజు చెప్పిన ధరకే ఇస్తానన్నాడు. ఫైలు చార్జీలనీ ఇంకేవో చార్జీలనీ మామ ఒక్కొక్కటీ గీకి పారేశాడు. నా దగ్గర అంతకు సరిపడా ఉంది, ఇంకా మిగులుతుంది కూడా. సంతోషంగా ఉండాల్సింది, నేను మాత్రం కారులో పక్క సీటు వైపే చూస్తున్నాను. అంతవరకూ పక్క సీటు ఖాళీగా ఉండటానికి కారు ధర అడ్డమని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ అడ్డం లేదు. అయినా తాళం తీసుకున్నాను. కారుకు దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, అట్టతో చేసిన పెద్ద తాళం నా చేతికిచ్చారు. "ఫ్యామిలీని పిలవండి సార్, ఫొటోకి" అన్నాడు టై బాబు. "ఇదే ఫ్యామిలీ" అని మామను చూపించాను. మామ తువ్వాల సర్దుకుని, పోలీసు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం ఒక రౌండు వేద్దాం, రా" అన్నాను టై బాబుతో.

"తప్పకుండా సార్" అన్నాడు. అప్పటికే అతని కళ్లు గేటు వైపు వెళ్లాయి. ఎవరో కొత్తాయన లోపలికి వస్తున్నాడు. "తిన్నారా సార్? రండి, ఒక రౌండు వేసొద్దాం" అంటూ ఎదురెళ్లాడు. అతని తప్పేం లేదు. అది అతని ఉద్యోగం.

మామను ఊళ్లో దింపడానికి బయల్దేరాను. కారులో కూర్చోవడానికి ఆయన పడ్డ పాట్లు అంతా ఇంతా కాదు. "బాయిల దిగుతున్నట్టున్నదిరా" అంటూ సీటులోకి దిగి, దారి పొడుగునా తలుపు పిడిని ఎద్దు కొమ్ములా పట్టుకుని, గేదెలు అడ్డం వచ్చినప్పుడల్లా "హో, హో" అని కారును అదిలించాడు. ఊళ్లో పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు. ఉండిపొమ్మని అత్త ఎంత చెప్పినా, పొద్దున్నే లోడు పంపాలని లేచాను. "నాతోని రా మామా, రెండు రోజులుండి పోదువు" అన్నాను. "బర్లకు నీళ్లెవడు వెడ్తడ్రా?" అన్నాడు. అత్త కొత్త బియ్యం ఒక బస్తా కట్టింది. ముందు పెట్టెలో పట్టలేదు. పక్క సీటులో కూర్చోబెట్టింది.

ఊరు దాటానో లేదో కారు కీచుకీచుమనడం మొదలుపెట్టింది. ఏదో చెడిపోయింది, సేఠ్ ముంచేశాడనుకుని పక్కకు ఆపాను. చూస్తే, పక్కనున్న మనిషి బెల్టు పెట్టుకోలేదట. బస్తాను తీసి కింద పెడితే అరుపు ఆగుతుంది, నాకు తెలుసు. ఎందుకో చేతులు రాలేదు. వంగి, బెల్టు లాగి, బస్తా నడుముకు చుట్టి పెట్టాను. కారు ఊరుకుంది. దాని లెక్కలో లోపల ఇద్దరమున్నాం. మేడిపల్లి దాటేసరికి ఆ బస్తాకు ఇక్కడ గజం ఎంత పలుకుతోందో వివరంగా చెబుతున్నాను. (మంచి శ్రోత. మధ్యలో అడ్డు రాలేదు, ప్లాటు కొనమని కూడా అనలేదు.)

ఆ కారు ఇప్పుడు నా దగ్గర లేదు. కర్రలు మోసే ట్రాలీ నడుపుతాను. ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఏ రెండు సీట్ల కారో ఆగితే చుట్టుపక్కల బైకుల మీది కుర్రాళ్లు దాని ధరెంతుంటుందని గుసగుసలాడతారు. నేను మాత్రం పక్క సీటు చూస్తాను. ఖాళీగా ఉంటే, నడిపేవాడికి చెయ్యి ఊపుతాను. ఏదో అడుక్కోవడానికనుకుని చాలామంది అద్దం ఎక్కిస్తారు. మొన్న ఒక కుర్రాడు కాసేపు అనుమానంగా చూసి, తిరిగి చెయ్యి ఊపాడు. అంతలో పచ్చలైటు పడింది, అతను రివ్వున వెళ్లిపోయాడు. వెనక ఆటోవాళ్లు హారన్లు కొట్టి తిడుతున్నారు. నేను ట్రాలీలో ఒక్కణ్ణే కూర్చుని, పిచ్చివాడిలా నవ్వుతూ ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.