రుచుల రాయుడి మాగిన చీజు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయనకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు రుచుల రాయుడు. అందులో ఎగతాళి ఉందని ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఎప్పుడో దుకాణం యజమాని ఇచ్చిన విందులో ఏడాదిపాటు మాగిన చీజు ముక్క ఒకటి తిన్నాడు. తిన్నది గోరంత. దాని మీద చేసిన ప్రసంగాలు కొండంత. అప్పటినుంచి ఇంట్లో ప్రాసెస్డ్ చీజు కనిపిస్తే చాలు, ముక్కు చిట్లించేవాడు.

“ఇది చీజు కాదే, సబ్బుబిళ్ల. పైన ప్లాస్టిక్, లోపలా ప్లాస్టిక్. ఏది పారెయ్యాలో ఏది తినాలో తెలీదు.”

“మరి పొద్దున ఆమ్లెట్‌లో రెండు బిళ్లలు లాగించారుగా?” అనేది భార్య.

“ఆకలి వేరు, అభిప్రాయం వేరు.”

భార్య, ఆమె చెల్లెలు కలిసి ఇంట్లోనే వండి ఆఫీసులకు మధ్యాహ్న భోజనం పంపుతారు. ఈ మధ్య చిన్నాచితకా ఆర్డర్లు కూడా జారిపోయాయి. వీధి చివరి ఆడిటరమ్మ ఆఫీసువాళ్లు మాకరోనీ, చిక్కటి చీజు సాస్ ఒకరోజు పంపి చూడమన్నారు. నచ్చితే భోజనం ఇక రోజూ వీళ్ల దగ్గరే. నచ్చకపోతే అక్కాచెల్లెళ్లు గరిటె పక్కన పెట్టి వేరే పని వెతుక్కోవాల్సిందే.

ఆ రోజు ఆయనకు సెలవు. అదే వచ్చిన చిక్కు.

భార్య సన్నని సెగ మీద పాలు, వెన్న పెట్టి, చీజు బిళ్లలు పక్కన ఉంచింది. “అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఇంకేం చెయ్యొద్దు” అని చెప్పి, డబ్బాలు తేవడానికి చెల్లెలితో మేడ మీదికి వెళ్లింది.

ఇంకేం చెయ్యొద్దనడమంటే ఆయన్ని చెయ్యమని బతిమాలినట్టే. బిళ్లలన్నీ కవర్లతో సహా చెత్తబుట్టలో వేశాడు. ఇంట్లో చెప్పకుండా కొని ఫ్రిజ్‌లో కూరగాయల అడుగున దాచుకున్న మాగిన చీజు గడ్డ తీసి, తురిమి, మొత్తం పాలలో గుమ్మరించాడు. అది కరగనని మొండికేసింది. గొప్పదానికి గొప్ప వేడి కావాలి కాబోలనుకుని మంట పెంచాడు.

వాళ్లు దిగొచ్చేసరికి గిన్నెలో పైన నూనె, కింద ఇసుక, మధ్యలో ఆయన గరిటె.

“విరగ్గొట్టేశారా బావా?” అంది మరదలు.

“విరగలేదు. విచ్చుకుంటోంది.”

“విచ్చుకోడానికి అదేమన్నా మల్లెమొగ్గా?”

భార్య అరవలేదు. పొయ్యి కట్టేసి, గడియారం వైపు చూసింది. “బిళ్లలేవీ?”

ఆయన చూపు చెత్తబుట్ట మీద పడింది.

“తియ్యండి.”

“చెత్తలోంచా? నేనా?”

“వేసిన చేతికి దారి తెలుసుగా.”

ఉల్లిపొట్టులోంచి, గుడ్డుపెంకుల్లోంచి ఒక్కో బిళ్లా ఏరి కుళాయి కింద కడిగాడు. ఏ కవరూ చిరగలేదు. ప్లాస్టిక్ గురించి అప్పుడు మాత్రం ఏ అభిప్రాయమూ చెప్పలేదు. మరదలు విప్పి అందిస్తుంటే, భార్య గిన్నెలో కొంచెం వేడి పాలు పోసి, సన్నని సెగ మీద బిళ్లలు ఒక్కొక్కటే వేసి కలిపింది. విడిపోయిన నూనె, పాలు మళ్లీ కాపురానికొచ్చాయి. ఇసుక మాత్రం కాస్త మిగిలింది.

భోజనాలయ్యాక ఖాళీ డబ్బాల కోసం ముగ్గురూ వెళ్లారు.

“బాగుందండీ. రేపట్నుంచి రోజూ పంపండి” అంది ఆడిటరమ్మ. “అక్కడక్కడ పంటికింద పలుకులు తగిలాయి. ఏమిటవి?”

భార్య నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. “అదేనండీ అసలైన చీజు. ఏడాది మాగింది.”

“అలాగా. ఈసారి మాగనిదే వెయ్యండి.”

దారిలో ఆయన, “నాలుకలు చచ్చిన జనం” అన్నాడు. అక్కాచెల్లెళ్లు రేపటి సరుకుల లెక్క వేసుకుంటూ నడిచారు.

ఇప్పుడు మాకరోనీ వండే రోజుల్లో, దుకాణానికి వెళ్లేముందు ఆయనకు వంటింట్లో ఒక ఉద్యోగం ఉంది. పొయ్యికి ఆమడ దూరంలో పీట వేసుకుని బిళ్లల కవర్లు విప్పడం. విప్పుతూ ఒక్కోదాని మీదా తీర్పు చెబుతాడు. ఇది పాలిపోయింది, ఇది మరీ పసుపు, దీనికి వాసనే లేదు.

“చెప్పండి బావా, చెప్పండి” అంటుంది మరదలు. “చేతులు మాత్రం ఆపకండి.”