పాలగిన్నెలో వాల్వు

మొన్న ఆదివారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "ఒరే, ఆ కాలేజీ తెర్మామీటరు నీకాడుందా, ఇచ్చేసావా?" అన్నాడు. బావంటే మా అక్క భర్త. దువ్వాడ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. ఆ గాజు థర్మామీటరు ఎన్నో ఏళ్ల క్రితం ఆయన కోసమే అరువు తెచ్చాను. ఇంకా అరువులోనే ఉంది. అక్క పోయిన ఈ మూడేళ్లలో ఆయన కారు మీద కప్పిన పట్టా తీయలేదు. ఇప్పుడు థర్మామీటరు అడిగాడంటే మళ్లీ ఆ కారు జోలికి వెళ్తున్నాడన్నమాట.

పోర్టులో క్రేన్లు బాగుచేసే ఉద్యోగం ఆయనది, పిచ్చి మాత్రం ఆ కారు. పాతదాన్ని కొని, ఇంజను జోరు పెంచే టర్బో పెట్టించాడు, లావుపాటి సైలెన్సరు వేయించాడు. గోపాలపట్నం వీధి మొదట్లో దాని చప్పుడు వినగానే అక్క అన్నం వడ్డించేసేది. చదును రోడ్డు మీద గుర్రమే గానీ, అరకు కొండల ఘాటీ రోడ్డు ఎక్కేసరికి ఇంజను ఉడికిపోయేది. ఊళ్లో మెకానిక్కులందరిదీ ఒకటే వైద్యం: థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం. బావ ఒప్పుకునేవాడు కాదు. "తలుపు పీకేసి ఇల్లు సల్లగుందంటే ఎలాగరా? కాసింత ముందు తెరుసుకునే తలుపెట్టాల" అనేవాడు. ఉన్న వాల్వు ఎనభై రెండు డిగ్రీలకి తెరుచుకుని ఇంజను నీళ్లని చల్లబరిచే రేడియేటరుకి వదిలేది. దాని బదులు డెబ్బై ఆరుది పెట్టాలా, డెబ్బై ఒకటిదా అన్నది ఆ ఇంట్లో పెళ్లిసంబంధమంత చర్చ.

వాల్వు మీద చెక్కిన అంకెని బావ నమ్మడు. వాల్వు నోట్లో దారం ఇరికించి, అక్క పాలగిన్నెలో వేలాడదీసి, పొయ్యి వెలిగించేవాడు. నోరు తెరవగానే దారం వదిలేసి అడుగున పడుతుంది. దారం పట్టుకోవడం ఆయన పని, డిగ్రీలు చదవడం నా పని, వాల్వు మీద కన్నేసి ఉంచడం అక్క పని. "పాలగిన్నెలో ఇనపముక్కలేటండీ, రేపు కాఫీకి పెట్రోలు కంపొత్తాది" అని తిడుతూనే నిలబడేది. పొయ్యి సెగకి మొహమంతా చెమట, పక్కన పోపుకి తీసిన కరివేపాకు వాసన. ఉన్నట్టుండి "పడిందిరా! సూసుకో!" అని అరిచేది. నేను ఉలిక్కిపడి అంకె చెప్పేవాణ్ణి. ఒకసారి ఎనభై రెండని చెక్కింది ఎనభై ఎనిమిదికి పడింది. అప్పుడు బావ మొహం చూడాలి, ప్రపంచంలో దొంగలందర్నీ తనే పట్టుకున్నట్టు!

జబ్బు ముదిరాక అక్క ఒకటే అడిగింది, అరకు ఘాటీ పైదాకా ఒక్కసారి తీసుకెళ్లమని. బస్సులో వెళ్దామన్నాను. ఆవిడే వినలేదు, "మీ బావ బండిలోనే ఎల్దాం" అంది. సగం ఘాటీలో ఇంజను ఉడికిపోయింది. వెనక్కి తిప్పేశాం. అక్క దారిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనిపించి మా ఇద్దరికీ ఒలిచి పెట్టింది. నెల తిరక్కుండానే పోయింది. ఆ రోజు బస్సెక్కించనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

థర్మామీటరు పట్టుకుని వెళ్లేసరికి బావ వంటింట్లో సిద్ధంగా ఉన్నాడు. అదే గిన్నె. నాకు తెలీకుండానే పట్టా తీసి, రేడియేటరు ఈసారి పెద్దది వేయించాడట, వాల్వు మాత్రం డెబ్బై ఆరుది. "పైదాకా ఎక్కాలిరా. ఒక్కసారి ఎక్కితే సాలు" అన్నాడు, నా వైపు చూడకుండా. పొయ్యి వెలిగించాం. అరవై, డెబ్బై, డెబ్బై ఐదు. ఇద్దరం అంకెల్నే చూస్తున్నాం. ఎనభై దాటింది, తొంభై దాటింది. నీళ్లు తెర్లుతున్నాయి. అప్పుడు చూస్తే బావ చేతిలో దారం ఉత్తదే ఊగుతోంది, వాల్వు ఎప్పుడో గిన్నె అడుగుకి చేరింది. ఎంతకి తెరుచుకుందో ఇద్దరికీ తెలీదు. బావ పొయ్యి ఆపేసి, "సల్లారనీ, మళ్లీ పెడదాం" అన్నాడు.

నీళ్లు చల్లారడానికి అరగంట పట్టింది. అక్క పోయి మూడేళ్లయినా, ఆ అరగంటా మేమిద్దరం వంటింటి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాం.