రబ్బరు చెప్పు కప్ప... అమ్మకు కొర్రమీను

మా చిన్నప్పుడు... రాత్రి వాన కురిస్తే తెల్లారి నాయన రబ్బరు చెట్ల గీతకు వెళ్ళేవాడు కాదు. బెరడు తడిగా ఉంటే పాలు గిన్నెలో పడవు, చెట్టు మీదుగా కారిపోతాయి. ఎస్టేటు కూలీల ఇళ్ళ లైన్లలో అందరూ ముసుగు తన్ని పడుకునే ఆ పొద్దున... నాయన ఖాళీ పాలపొడి డబ్బాకు చుట్టిన నైలాన్ గాలపు తాడు పట్టుకుని, చేపల కోసం గుంటల వైపు నడిచేవాడు. వెనకాల నేను, చేతిలో బకెట్టు.

మలేషియాలో, బటాంగ్ బెర్జుంటై ఊరి దగ్గర తగరం తవ్వి వదిలేసిన గుంటలవి. నీళ్ళు నిండి చెరువులైపోయాయి. పొద్దున్నే వాటి మీద మంచు ఎంత మెల్లగా కదిలేదంటే... నీళ్ళే నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది.

నాకు పదకొండేళ్ళప్పటి మాట. మా ఆఖరి చెల్లెలు పుట్టింది, ఆపరేషన్ చేసి తీశారు. నెల కావస్తున్నా అమ్మ కడుపు మీది కోత మానలేదు. క్లినిక్కులో కట్టు మార్చేవారు... ఇంటికొచ్చేసరికి మళ్ళీ గుడ్డ తడిసేది. పిల్లను ఎత్తుకోలేక, పక్కన పడుకోబెట్టుకుని వేలు మాత్రం అందించేది అమ్మ.

పక్క పల్లెలోని మలాయ్ పెద్దావిడ, మేము మక్చిక్ అనేవాళ్ళం, చూడవచ్చి ఒకటే మాట చెప్పింది. హారువాన్ చారు తాగిస్తే పుండు లోపల్నుంచి మానుతుంది, కానీ చేప బతికున్నదై ఉండాలి అని. హారువాన్ అంటే మన కొర్రమీనే. సంతకు వచ్చేవన్నీ మంచుగడ్డల మీద చచ్చినవి.

ఆ సాయంత్రం నాయన నా పాత రబ్బరు చెప్పు తీసి కత్తితో కోయడం మొదలుపెట్టాడు.

"నాయనా, అది నా సెప్పు!"

"జతది ఏదే? ఒంటి సెప్పుతో బడికి పోతావేటి?"

బొటనవేలంత కప్పను చెక్కాడు. పొట్టలో చిన్న సీసం ముక్క, వీపు మీదికి తిరిగిన రెండు గాలపు ముళ్ళు. ఇంక ఎర అక్కర్లేదు... నీటి మీద కప్పలా గెంతితే చాలు.

నాయన చెప్పేవాడు... ఎండెక్కితే కొర్రమీను అడుగుకి పోతుంది, పొద్దు పొడిచేటప్పుడో, గుంకేటప్పుడో వెయ్యాలి. గాలి ఉండకూడదు. కప్పను తామరాకుల అవతలికి విసిరి, ఆకుల మీదుగా గెంతిస్తూ తెచ్చి, ఆకుల్లేని చోట కాసేపు ఆపాలి. అక్కడే అందుకుంటుంది.

"నీళ్ళు ఎగిరితే లాగీకు, అమ్మీ. అది కరిసి తిరగాల. బరువు సేతికి తెలిసినాక లాగు."

లైన్లలో అందరికీ అలా నేర్పింది ఆయనే. వాన కురిసిన మర్నాడు వెళ్ళాం. కప్ప ఆగింది... దాని వెనక నీరు చిన్నగా ఉబ్బింది... ధబ్‌మని నీళ్ళు లేచాయి. నాయన గబుక్కున లాగేశాడు. కప్ప ఎగిరొచ్చి ఆయన గుండెకే తగిలింది. రెండోసారీ అంతే.

"నాకు సెప్పినవాడివి నువ్వేనా నాయనా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తాడు చుట్టబోయి రెండుసార్లు చిక్కు వేసుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు... అమ్మ గురించి ఆయనకు ఎంత భయమో.

ఆకుల అంచున నీళ్ళు ఎర్రగా కదిలాయి. అగ్గిపుల్లల్లాంటి పిల్లలు, వందలు... గుంపుగా పైకొచ్చి గాలి మింగి మళ్ళీ దిగుతున్నాయి. వాటి కింద తల్లి కాపు కాస్తుంది. పిల్లల మీద ఏది పడినా మీదికొచ్చి కరుస్తుంది, తప్పే పని లేదు. నాయనకి అది నాకన్నా బాగా తెలుసు. చెయ్యెత్తాడు... ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అదీ బాలింతే గదా" అన్నాడు మెల్లగా, తాడు చుట్టేస్తూ. "ఇటు పక్కకి రా. నువ్వు ఇసురు. నా సెయ్యి ఆగట్లేదు."

చెట్ల మీదికి వెలుగు వచ్చేసింది. ఇంకొంచెం సేపైతే ఎండ. విసిరాను. గెంతించాను. ఆపాను. భయమేస్తే గోవిందుణ్ణి తలుచుకోవడం నాకప్పటికే అలవాటు. నీళ్ళు ఎగిరాయి... గోవిందా... గోవిందా... గోవిందా. మూడోసారికి తాడు బరువెక్కింది. అప్పుడు లాగాను.

మోచేతి పొడుగు కొర్రమీను, నల్లగా, బకెట్టులో తోక కొడుతూ... దారంతా నాయనే మోశాడు. బకెట్టు నన్ను ముట్టుకోనివ్వలేదు.

"ఎవురు పట్టినారే?" అంది అమ్మ.

"నాయనే" అన్నాను. నేనాడిన అబద్ధాలు తక్కువ... అది ఒకటి.

"ఆయనా? మీసం మీద ఈగ వాలితే ఆగడు... ఆయన పట్టినాడా!" అని నవ్వబోయి కడుపు పట్టుకుంది. "నవ్వించకే, కుట్లు లాగుతున్నాయి."

తలుపు దగ్గర నిలబడి నాయన కూడా నవ్వాడు, ఎన్నాళ్ళకో.

మిరియాలు, అల్లం వేసి చారు కాచాం. తర్వాత వానలకి ఇంకో మూడు దొరికాయి. మందు వల్లో, చారు వల్లో, దేవుడి దయో... ఒకనాటి పొద్దున గుడ్డ పొడిగా ఉంది. ఆ రోజు అమ్మ చెల్లెల్ని రెండు చేతులా ఎత్తుకుంది.

ఇప్పుడు నాయన లేడు, అమ్మా లేదు. ఆ గుంటలు సగం పూడ్చి ఇళ్ళు కట్టారు. పోయిన నెల ఆ చెల్లెలి కూతురికే పురుడు, అదీ ఆపరేషనే. ఫోనులో నొక్కితే మర్నాటికి హారువాన్ సారం సీసాలు గుమ్మంలోకి వచ్చాయి. నేనే మూత తీసి ఇచ్చాను. తాగేసి, "ఓకే లా, పెద్దమ్మా" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

మంచివే ఆ సీసాలు. ఒకరి కోసం ఇంకొకరు కాళ్ళు తడుపుకోనక్కర్లేని రోజులు... మంచివే కాబోలు.

మీ ఇంట్లో బాలింతరాలికి, జబ్బు మనిషికి... ఎవరు, ఎక్కడిదాకా వెళ్ళి, ఏం తెచ్చేవారు? తీరిగ్గా రాయండి... అన్నీ చదువుతాను.