ఎడమ బుగ్గ మీద వేడి

ఆ నాటక మందిరంలో ఆవిడ్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. మేనేజరు మొదలు తెర లాగే మనిషి దాకా అందరికీ ఆవిడ లైట్లక్కే. కూర మాడిన రోజున భర్త కూడా, "లైట్లక్కా, పొయ్యి మీద మంట తగ్గించడం మాత్రం నీకు చేతకాదు" అని ఆటపట్టించేవాడు. ఆవిడ ఉద్యోగమేమో తగ్గించడం, పెంచడమే. హాలు వెనక ఇనప మెట్లెక్కితే ఒక ఇరుకు గది. అక్కడ ఇరవై నాలుగు మీటలున్న బోర్డు ముందు కూర్చుని వేదిక మీద తెల్లవారిస్తుంది, పొద్దు గుంకిస్తుంది. మీట పైకి తోస్తే దీపం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. ఇంతేనా అని మూతి విరిచేవాళ్ళు ఒక్క సాయంత్రం వచ్చి కూర్చుంటే తెలుస్తుంది.

మొదటిరోజు ఆవిడా ఇంతేగా అనుకుంది. ఆ ధీమా ఇరవై నిమిషాల్లో దిగిపోయింది. నాటకంలో అన్నగారి పాత్ర గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, చనిపోయిన తమ్ముడి ఉత్తరం చదవాలి. ఆవిడ పదకొండో మీటకు బదులు పన్నెండోది తోసింది. గుమ్మం దగ్గర చీకటి. కిటికీ పక్క ఖాళీ కుర్చీ మీద దేదీప్యమానంగా వెలుగు. ఆవిడకి చెయ్యి కదల్లేదు. ఆ పాత్ర వేస్తున్న నటుడు మాత్రం ఉత్తరం విప్పి పట్టుకుని, తొందరేమీ లేకుండా వేదికకి అడ్డంగా నడిచి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. దర్శకుడు మురిసిపోయి ఆ నడకని అలాగే ఉంచేశాడు. తప్పు ఎవరిదో ఆ నటుడు ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఉద్యోగం నిలిచింది.

ఇరవై ఆరేళ్ళయింది. ఆ నటుడు ఇప్పుడు అందరికీ పెద్దాయన. ఆ నాటకం వేసిన ప్రతిసారీ ఆవిడ ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకుంటుంది. పైకి అనలేదు. అనాలంటే ముందు తప్పు ఒప్పుకోవాలి కదా.

ఈ ఏడు మేనేజరు కొత్త దీపాలు తెప్పించాడు. కరెంటు తాగవు, వేడెక్కవు. వాటికో కంప్యూటర్ బోర్డు. ఏ దీపం ఎప్పుడు ఎంత వెలగాలో ఒకసారి చెబితే అదే గుర్తు పెట్టుకుంటుంది. లైట్లక్క ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ పది రోజుల్లో నేర్చేసుకుని, వేళ్ళ నొప్పులు తగ్గాయని సంబరపడింది.

చిక్కు రిహార్సల్లో వచ్చింది. ఉత్తరం సీన్లో పెద్దాయన కుర్చీకి రెండడుగుల ముందే ఆగిపోయాడు. ముఖం సగం చీకట్లో ఉంది. మళ్ళీ చేయిస్తే కుర్చీ దాటి వెళ్ళాడు. మూడోసారీ అంతే. రేపు కూడా ఇలాగే అయితే పాత్ర వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదని దర్శకుడు మెల్లగానే అన్నాడు గానీ, ఆ మాట పైగదిలోకి వినబడింది.

ఆవిడ కిందికి దిగి, ఆయన ఆగాల్సిన చోట నిలబడింది. కళ్ళు జిగేల్మన్నాయి. బుగ్గ మాత్రం చల్లగా ఉంది. అప్పుడు తట్టింది. కొన్నేళ్ళుగా ఆ నడకలో ఆయన గడ్డం కొంచెం ఎత్తి, ఎడమ బుగ్గని దీపం వైపు తిప్పుతున్నాడు. అదంతా నటన అనుకుంది ఇన్నాళ్ళూ, తెలివితక్కువది. ఆయన ఎక్కడ ఆగాలో వేడిని బట్టి తెలుసుకుంటున్నాడు.

ఆవిడ సామాన్ల గదిలోంచి పాత దీపం ఒకటి దులిపి తెచ్చింది. కిటికీ పక్క కుర్చీకి సూటిగా వేలాడదీసి, మూలకి నెట్టేసిన పాత బోర్డులో పన్నెండో మీటకి తగిలించింది. ఇదెందుకని మేనేజరు అడ్డుపడ్డాడు. కొత్త దీపాల్లో ముసలి ముఖం పాలిపోయినట్టు కనబడుతుందని ఆవిడ దబాయించింది. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్దాయన ఉత్తరం విప్పి నడిచాడు. వెలుగు అంచు దగ్గర బుగ్గ తిరిగింది. ఇంకో అడుగు. చెయ్యి సరిగ్గా కుర్చీ వీపు మీద పడింది. దర్శకుడు చప్పట్లు కొట్టాడు. పైన లైట్లక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

రిహార్సల్ అయ్యాక ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు. పెద్దాయన అంతకుముందు ఎన్నడూ ఆ గదికి రాలేదు. కమ్మీ పట్టుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"నిన్ననే."

నాలుగేళ్ళుగా అంతా మసకేనని, డాక్టర్లు చేయగలిగింది చేసేశారని ఆయన చెప్పాడు. ఎవరికైనా చెప్పావా అని అడిగాడు.

"ఆరోజు నా సంగతి మీరు చెప్పారా?" అంది ఆవిడ. ఏ రోజని ఆయన అడిగేసరికి ఇక తప్పలేదు. పన్నెండో మీట సంగతి మొత్తం చెప్పేసింది.

ఆయన గోడ తడుముకుని అక్కడే కూర్చున్నాడు.

"ఆ ఉత్తరం ఉత్త తెల్ల కాగితం, తెలుసుగా. ఆరోజు విప్పాను, ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. నోరెండిపోయింది. అంతలో అవతల దీపం వెలిగింది. నడవడానికి సాకు దొరికింది. కుర్చీ దాకా వెళ్ళేలోపు మాటలొచ్చాయి. లేకపోతే నా బతుకు అక్కడితో సరి. నువ్వు కనిపెట్టి వేశావనుకున్నానమ్మా, ఇన్నేళ్ళూ."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"అనాలంటే, మాటలు మరిచిపోయానని ఒప్పుకోవాలిగా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని పాత బోర్డు మీద పెట్టి, వేళ్ళతో లెక్కపెట్టించి, పన్నెండో మీట దగ్గర ఆపింది. ఆయన మెల్లగా పైకి తోశాడు.

"వెలిగింది," అని చెప్పింది ఆవిడ.