తడవని తల

ఆరేళ్ళుగా ఒక పసితల బరువు నా అరచేతిలో ఉంది. నిజానికి నేనా తలను ముట్టుకోనే లేదు. ముట్టుకోని తల ఇంత బరువుంటుందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాను. ఇంతవరకు నా డైరీలో కూడా ఈ సంగతి రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాన్నగారు ఏలూరు కతోలిక గుడిలో ఉపదేశి. కొల్లేటి లంకల్లో కొత్తగా మా మతంలోకి వచ్చేవాళ్ళకు జపాలు నేర్పడం ఆయన పని. నాకు పదిహేడేళ్ళప్పుడు, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో, ఆడవాళ్ళకు చెప్పడానికి నన్ను కూడా తీసుకెళ్ళారు. తాటిదోనెలో వెళ్ళాం. ఒక లంకలో, ఊరికి దూరంగా వేసిన గుడిసెల్లో, పోలమ్మ అనే ఆవిడ ఉండేది. చేపలు ఎండబెట్టే కూలి. ఆ ఇంటిల్లిపాదికీ పాస్కా పండుగనాడు, అంటే ఈస్టరునాడు, జ్ఞానస్నానమని ఖాయమైంది. ఆమె మూడునెలల ఆడబిడ్డ అందాకా ఆగేటట్టు లేదు. జ్వరంతో కళ్ళు తేలేసింది. నాన్నగారేమో లంక అవతలి కొసన ఎవరో ముసలాయన్ని చూడబోయారు.

జ్ఞానస్నానం లేకుండా పోతే మోక్షం లేదని మావాళ్ళ నమ్మకం. అందుకే మాలో ఒక నియమం ఉంది. ప్రాణం మీదికి వచ్చిన బిడ్డకు, ఫాదరుగారు అందుబాటులో లేకపోతే, ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. తలమీద నీళ్ళు పోసి నాలుగు మాటలు అనాలి. అంతే. ఆ మాటలు నాకు చిన్నప్పటినుంచీ నోటికి వచ్చు.

“ఈలోగా మీరు పోసెయ్యండి అమ్మగారూ,” అని పోలమ్మ బిడ్డను చాపమీద పడుకోబెట్టి, నాన్నగారి కోసం పరుగెత్తింది.

మూలన కడవ ఉంది. ముంత అందుకున్నాను. కడవదాకా వెళ్ళి ఆగిపోయాను.

భయమా? సిగ్గా? నలుగురిలో గొంతెత్తలేనిదాన్నే, కాని అక్కడ నలుగురెక్కడ? జ్వరం అంటుకుంటుందనా? ఇన్నేళ్ళూ ఒక్కొక్క సాకూ తెచ్చి ఆ కడవ పక్కన నిలబెట్టి చూశాను, ఏదీ నిలవలేదు. బయలుదేరేటప్పుడు మా నాయనమ్మ అంది, “జపాలు చెప్పు, కాని ఆ గుడిసెల్లో నీళ్ళు ముట్టకే తల్లీ” అని. మేము మూడు తరాలుగా క్రైస్తవులం. అయినా గుడిలో మా కులంవాళ్ళ చాప ముందు, వాళ్ళ చాప వెనక. అది తప్పని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఆ కడవ వాళ్ళది. ఆ తల వాళ్ళది. నా చెయ్యి వెళ్ళలేదు. చుట్టూ కొల్లేరే కదా, గుమ్మం దిగితే దోసిట్లోకి నీళ్ళు వచ్చేవి కదా, అదైనా తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా?

పోలమ్మ రొప్పుకుంటూ వచ్చింది. నాన్నగారు వెనక వస్తున్నారంది.

“పోశారా అమ్మగారూ?”

“పోశాను.”

“ఏం పేరెట్టారండీ?”

“అన్నమ్మ.”

బిడ్డను ఎత్తుకుని తల నిమిరింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది.

“అప్పుడే ఆరిపోయిందండీ,” అంది. “ఒళ్ళు కాలిపోతోంది కదా మరి, నా తల్లికి.”

అప్పటికింకా బిడ్డలో ఊపిరుంది. ఇది మీకు చెప్పకుండా దాటెయ్యకూడదు. కడవ అక్కడే ఉంది. ముంత నా చేతిలోనే ఉంది. నేను నోరు విప్పలేదు.

నాన్నగారు వచ్చేసరికి బిడ్డ ఊపిరి ఆగిపోయింది. “నువ్వుండబట్టి సరిపోయిందమ్మా,” అన్నారాయన. నా దస్తూరీ బాగుంటుందని గుడిలో జ్ఞానస్నానాల పుస్తకం నాచేతే రాయిస్తారు. అన్నమ్మ పేరు నేనే రాశాను. ఇచ్చినవారు అన్నచోట నా పేరు రాశాను. అక్షరాలు గుండ్రంగా, చక్కగా వచ్చాయి.

ఈ ఏడు పైదేశం నుంచి కొత్తగా వచ్చిన ఫాదరుగారు గుడి బడి టీచర్లకు పాఠాలు చెబుతున్నారు. వాళ్ళ దేశంలో ఇప్పుడు పెద్దలు ఆలోచిస్తున్న సంగతులట. మనిషంటే లెక్కలో ఒకటి కాదు, దేవుడు పేరుపెట్టి పిలిచినవాడు, అలాంటివాడు ముందు లేడు, మళ్ళీ రాడు, ఎదుటివాడు ఆ గౌరవం ఇచ్చినా ఇవ్వకపోయినా అది పోదు అంటారు. వాటిని తెలుగులో సాపు రాసేదాన్ని నేనే. రాస్తూ రాస్తూ కలం ఆపేశాను. నీళ్ళు పడకపోయినా దేవుడు అన్నమ్మను వదిలెయ్యడేమో. అది ఆయన చూసుకుంటాడు. కాని ఆ గుడిసెలో దేవుడు పిలిచిన మనిషి చాపమీద ఉంటే, నాకు మైల కనిపించింది. అది మాత్రం ఎవరు చూసుకుంటారు?

మొన్న సోమవారం పోలమ్మ వచ్చింది. చంకలో కొత్త బిడ్డ. “ఈ పిల్లకి జ్ఞానతల్లిగా, ఎత్తుకుని మీరే నిలబడాలండీ. పెద్దదాన్ని మీ చేతులమీదుగానే కదా మోక్షానికి పంపారు,” అంది. నవ్వింది కూడా. ఆదివారం జ్ఞానస్నానం. నేను తలూపాను.

ఆమెకు చెప్పనా? చెబితే ఆరేళ్ళుగా ఆమెకున్న ఒక్క ఊరటా పోతుంది. నా బరువు దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టడమేగా? నాలుగు రోజులు ఇలాగే అనుకున్నాను, జాలిపడుతున్నానని కూడా అనుకున్నాను. కాని ఆమె ఏది మొయ్యగలదో ఆమెను అడక్కుండా నేనే తేల్చెయ్యడం, మళ్ళీ ఆ కడవ దగ్గర ఆగిపోవడమే. ఆదివారం ఆ పిల్ల తలకింద నా చెయ్యి పెట్టకముందే చెప్పాలి. ఆమె నన్ను క్షమిస్తుందని రాయడం లేదు. ఎందుకు క్షమించాలి? ఆమె ఎదుట నా గొంతు పెగులుతుందో లేదో కూడా తెలియదు. అందుకే ముందు ఇక్కడ, గుడి పుస్తకంలో రాయవలసినట్టుగా రాస్తున్నాను.

అన్నమ్మ. పోలమ్మ కూతురు. వయసు మూడు నెలలు. నీళ్ళు పొయ్యలేదు. పొయ్యనిదాన్ని నేను.

ఈసారి అక్షరాలు వంకరగా వచ్చాయి. ఉండనీ.